శిక్షణకు ముందు అవసరాల విశ్లేషణ: విస్తరణ వ్యవస్థ దాటవేస్తున్న తొలి మెట్టు

వ్యవసాయ విస్తరణలో శిక్షణకు ఉన్న ప్రాధాన్యం గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. 1974లో పుదుచ్చేరిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో తొలి కృషి విజ్ఞాన కేంద్రం ప్రారంభమైంది. నేడు దేశంలో ఈ కేంద్రాల సంఖ్య 700 దాటింది. విస్తరణ అధికారుల నైపుణ్యాలను పెంపొందించేందుకు రాజేంద్రనగర్‌లో విస్తరణ విద్యా సంస్థ, 1987 నుంచి ‘మేనేజ్’గా ప్రసిద్ధి పొందిన జాతీయ సంస్థ పనిచేస్తున్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఆత్మ పథకం, రైతు వేదికలు, రైతు భరోసా కేంద్రాలు వీటికి తోడయ్యాయి. శిక్షణ ఇచ్చే చోటుకు గానీ, ఇచ్చేవారికి గానీ గతంలో ఉన్నంత కొరత నేడు లేదు.

అయినప్పటికీ ఒక ప్రశ్నకు సమాధానం సులభంగా దొరకదు. ఈ శిక్షణ ఈ రైతులకు, ఈ ఋతువులో, ఈ అంశంపైనే ఎందుకు ఇవ్వవలసి వచ్చింది? వార్షిక నివేదికలలో నిర్వహించిన శిక్షణల సంఖ్య, హాజరైన రైతుల సంఖ్య, ఖర్చయిన నిధుల వివరాలు ఉంటాయి. శిక్షణకు ముందు రైతుకు ఏమి తెలుసు, ఏమి తెలియదు, తెలిసినా చేయలేకపోవడానికి అడ్డుపడుతున్నది ఏమిటి అనే వివరాలు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. భూసార పరీక్ష లేకుండా ఎరువుల మోతాదు సూచించడం తగదని బోధించే వ్యవస్థే, అవసరాల పరీక్ష లేకుండా శిక్షణ మోతాదును నిర్ణయించడం విచారకరం.

గణాంకాలు సూచిస్తున్నది

2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ 59వ విడతగా రైతు కుటుంబాల స్థితిగతులపై జరిపిన సర్వే ఈ సందర్భంలో నేటికీ గమనించదగినది. ఆధునిక సాగు పద్ధతుల గురించి ఏదో ఒక మార్గంలో సమాచారం పొందిన కుటుంబాలు దేశంలో సుమారు 40 శాతం మాత్రమేనని ఆ సర్వే తేల్చింది. తోటి అభ్యుదయ రైతుల ద్వారా తెలుసుకున్నవారు 16.7 శాతం, విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల డీలర్ల ద్వారా తెలుసుకున్నవారు 13.1 శాతం కాగా, విస్తరణ సిబ్బంది ద్వారా తెలుసుకున్నవారు 6 శాతానికి లోపే. శిక్షణా కార్యక్రమాల ద్వారా సమాచారం పొందిన కుటుంబాలు ఒక్క శాతమైనా లేవు.

ఈ అంకెలు ప్రధానంగా చూపేది విస్తరణ సేవలు చేరిన పరిధిని. శిక్షణలోని విషయం రైతుకు పనికివచ్చిందా లేదా అన్నది వాటి నుంచి నేరుగా తేలదు. అయితే రైతు తన సందేహాన్ని ఎవరి వద్దకు తీసుకువెళుతున్నాడో అవి స్పష్టం చేస్తున్నాయి. పురుగు కనిపించిన రోజునే పక్క పొలం రైతు దొరుకుతాడు, దుకాణం తెరిచి ఉంటుంది. శిక్షణా కార్యక్రమం మాత్రం వార్షిక ప్రణాళికలో రాసిన తేదీకి జరుగుతుంది. సేద్యానికి అదను ఎంత ముఖ్యమో సేద్యపు విద్యకూ అంతే ముఖ్యం. అదను తప్పిన సలహా ఎంత శాస్త్రీయమైనదైనా పొలానికి చేరదు.

గత అనుభవం కూడా ఇదే విషయాన్ని చెబుతున్నది. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో, డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ-సందర్శన పద్ధతి 1970 దశకం మధ్య నుంచి దేశంలో విస్తరించింది. విషయ నిపుణులు పక్షానికి ఒకసారి క్షేత్ర సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సిబ్బంది ఆ సందేశాన్ని నిర్ణీత దినాలలో సంప్రదింపు రైతులకు చేరవేయడం అందులోని ప్రధానాంశాలు. క్రమశిక్షణ, క్రమబద్ధత ఆ పద్ధతికి బలం. ఒకే సందేశం పైనుంచి కిందికి ప్రవహించడం దాని బలహీనత. నీటి వసతి నిలకడగా ఉండి, అందరూ ఒకే విధంగా సాగు చేసే ప్రాంతాలలో అది బాగా ఉపకరించింది. నేల, వాన, పంట ఊరికి ఒక తీరుగా మారే వర్షాధార ప్రాంతాలలో అంతగా రాణించలేదు. సందేశం శాస్త్రీయమే అయినా, అడిగి తెలుసుకుని తయారుచేసినది కాకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

అవసరం అంటే ఏమిటి?

రైతు లేదా విస్తరణ అధికారి ప్రస్తుతం ఎలా పనిచేస్తున్నాడు, ఎలా పనిచేయవలసి ఉంది అనే రెండింటి మధ్య ఉన్న అంతరమే అవసరం. ఆ అంతరంలో జ్ఞానం, నైపుణ్యం, దృక్పథాల లోటు వలన ఏర్పడిన భాగమే శిక్షణావసరం. మిగిలిన భాగానికి కారణాలు వేరు, పరిష్కారాలూ వేరు. ఈ విభజన జరగనంతకాలం ప్రతి సమస్యకూ శిక్షణే మందుగా కనిపిస్తుంది.

1961లో మెక్‌గీ, థేయర్ అనే శాస్త్రవేత్తలు పారిశ్రామిక శిక్షణ గురించి వెలువరించిన గ్రంథంలో ఈ విశ్లేషణను మూడు స్థాయిలలో చేయాలని ప్రతిపాదించారు. మొదటిది సంస్థ స్థాయి, రెండవది పని స్థాయి, మూడవది వ్యక్తి స్థాయి. కర్మాగారాల కోసం చెప్పినదైనా ఈ క్రమం సేద్యానికీ చక్కగా వర్తిస్తుంది. నీటి విడుదల, పరపతి, యంత్రాల లభ్యత, మార్కెట్, కూలీల వంటి చుట్టుపక్కల పరిస్థితుల పరిశీలన మొదటి స్థాయి. ఒక సాగు పద్ధతిలోని పనులను వరుసగా విడదీసి, ఏ పనిలో ఏ మెళకువ కావాలో నిర్ణయించడం రెండవ స్థాయి. ఆ పనిని వాస్తవంగా చేసేది ఎవరు, వారికి ఇప్పటికే ఎంత వచ్చు అని తెలుసుకోవడం మూడవ స్థాయి. ఆచరణలో ఎక్కువ కార్యక్రమాలు రెండవ స్థాయితో ప్రారంభమై అక్కడే ముగుస్తున్నాయి. విషయ నిపుణుడికి తెలిసిన సాంకేతిక పరిజ్ఞానమే పాఠ్యప్రణాళికగా మారుతున్నది.

శిక్షణతో తీరేవి, తీరనివి

వరిలో డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తే పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. నారు పెంచడం, నాట్లు వేయడం ఉండవు కనుక కూలీల ఖర్చు తగ్గుతుంది. విత్తనం ఆదా అవుతుంది. పంట వారం, పది రోజులు ముందుగా కోతకు వస్తుంది. ఇన్ని ప్రయోజనాలు ఉన్నా ఒక గ్రామంలో రైతులు ఈ పద్ధతిని ఒక పంటకాలం పాటించి మానివేశారనుకుంటే, వెంటనే తోచే ఆలోచన మరొక శిక్షణ ఏర్పాటు చేయడమే. కానీ మానివేతకు కారణాలు అనేకం ఉండవచ్చు.

దమ్ము చేసిన తరువాత మడి సమంగా చదును కాకపోతే పల్లంలో పడిన విత్తనం మురిగిపోతుంది, మెరకలో పడినది ఎండిపోతుంది. మండె కట్టిన విత్తనానికి మొలక ఎక్కువ పొడవు పెరిగితే డ్రమ్ము రంధ్రాల నుంచి సరిగా రాలదు. ఇవి నైపుణ్యానికి సంబంధించిన లోపాలు, శిక్షణతో సరిదిద్దగలిగినవి. విత్తిన తొలి దినాలలోనే కలుపు మందు వాడాలని తెలియక కలుపు పెరిగిపోతే అది జ్ఞానానికి సంబంధించిన లోపం. దీనికి శిక్షణ కూడా అవసరం లేకపోవచ్చు, సకాలంలో అందే ఒక సంక్షిప్త సందేశం చాలు. ఇక ఊరంతటికీ యంత్రం ఒక్కటే ఉండి, వంతు వచ్చేసరికి మొలకలు ముదిరిపోతుంటే అది వసతుల సమస్య. విత్తిన వెంటనే మడిలో నీరు తీసివేయవలసి ఉండగా, పై మడి నుంచి కింది మడికి నీరు పారే ఆయకట్టులో ఒక రైతు ఒంటరిగా ఆ పని చేయలేకపోతే అది నీటి యాజమాన్య సమస్య. చివరి రెండింటికీ ఎన్ని తరగతులు నిర్వహించినా ప్రయోజనం ఉండదు. రైతుకు తెలిసిన విషయాన్నే మళ్ళీ చెప్పి అతని దినాన్ని వృథా చేయడం తప్ప సాధించేది ఏమీ ఉండదు.

పని తీరులోని లోపాల విశ్లేషణపై 1970లో మేగర్, పైప్ అనే నిపుణులు వెలువరించిన గ్రంథం ఇక్కడ ఒక సరళమైన పరీక్షను అందించింది. తప్పనిసరి పరిస్థితి ఎదురైతే ఆ వ్యక్తి ఆ పని చేయగలడా అన్నదే ఆ పరీక్ష సారాంశం. చేయగలిగి కూడా చేయడం లేదంటే లోపం నైపుణ్యంలో లేదు, పరిస్థితులలో ఉన్నది. శిక్షణకు ప్రతిపాదన పంపే ప్రతి అధికారీ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

పత్తిలో గులాబీ రంగు పురుగు విషయం దీనికి మరొక కోణం. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు, రాత్రికి 8 చొప్పున మగ రెక్కల పురుగులు పడితే చర్యలు చేపట్టాలని, గుడ్డిపూలను ఏరి నాశనం చేయాలని, పంటకాలాన్ని పొడిగించకుండా మోళ్ళను తొలగించాలని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. ఈ సూచనలను ఒక రైతు పూర్తిగా నేర్చుకుని పాటించినా, పక్క పొలంలో పత్తి వేసవి వరకు నిలిచి ఉంటే ఫలితం అరకొరగానే ఉంటుంది. ఇక్కడ శిక్షణ పొందవలసినది ఎంపిక చేసిన కొందరు రైతులు కాదు, ఒకే పరిసరంలోని రైతులందరూ. పత్తి నిల్వలో, గింజలో పురుగు మిగులుతుంది కనుక జిన్నింగు మిల్లుల వారిని కూడా ఇందులో కలుపుకోవాలి. మండలానికి కొందరిని పిలిచి హాలులో బోధించే నమూనా ఈ సమస్యకు సరిపోదని అవసరాల విశ్లేషణ జరిపితే తొలి దశలోనే తెలిసిపోతుంది.

శిక్షణ ఎవరికి?

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో సుమారు 86 శాతం చిన్న, సన్నకారు రైతులవి. కమతాల నిర్వాహకులలో మహిళలు సుమారు 14 శాతం. శిక్షణకు పేర్ల ఎంపిక సాధారణంగా పట్టాదారుల జాబితా నుంచో, పరిచయస్థులైన రైతుల నుంచో జరుగుతుంది. నాట్లు, కలుపుతీత, పత్తి ఏరడం, విత్తనం శుభ్రపరచి దాచడం వంటి పనులు మాత్రం ఎక్కువగా మహిళల చేతుల మీదుగానే సాగుతాయి. సన్న నారును తక్కువ లోతులో, కుదురుకు రెండు మూడు మొక్కల చొప్పున నాటాలనే పాఠం పట్టాదారుకు చెబితే, అది నాటు కూలీల చేతికి చేరే మార్గం ఏది? కౌలుకు సాగు చేస్తున్న రైతు పేరు ఏ జాబితాలోనూ లేకపోతే అతని పొలానికి సలహా ఎలా అందుతుంది? పని చేసేవారిని వదిలి పేరున్నవారిని పిలవడం ఎంపికలోనే జరిగే పొరపాటు. తరువాతి బోధన ఎంత బాగున్నా దానిని సరిదిద్దలేదు.

ఎవరికి నేర్పాలో సరిగా గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. రైతులు మందుల దుకాణంలోనే సలహా అడుగుతున్నారన్న వాస్తవాన్ని అంగీకరించి, మేనేజ్ సంస్థ 2003లో ఇన్‌పుట్ డీలర్ల కోసం ‘దేశి’ పేరిట ఏడాది డిప్లొమా కోర్సును ప్రారంభించింది. దుకాణం మూసుకోనవసరం లేకుండా వారానికి ఒక రోజు తరగతులు, వాటితోపాటు క్షేత్ర సందర్శనలు ఏర్పాటు చేశారు. నేర్చుకునేవారు ఎవరు, వారికి ఎంత తీరిక ఉన్నది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం వెతికిన తరువాతనే కోర్సు స్వరూపం ఇలా రూపుదిద్దుకోగలదు.

రైతు చెప్పేది, రైతు చెప్పలేనిది

అవసరాలు తెలుసుకోవడమంటే రైతులను అడిగి, వారు చెప్పినది రాసుకోవడం మాత్రమేనన్న అభిప్రాయం కూడా సరికాదు. రైతుకు తెలిసిన అవసరాలతోపాటు తెలియని అవసరాలూ ఉంటాయి. వరిలో ముదురు ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించినపుడు రైతు తెగులుకు మందు అడుగుతాడు. అది జింకు లోపమైతే కావలసినది తెగులు మందు కాదు, లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు పిచికారీ. ఈ రైతు కోరినది తెగుళ్ళ నివారణపై శిక్షణ, అతనికి అవసరమైనది లోప లక్షణాలను, తెగులు లక్షణాలను వేరుచేసి గుర్తించే నేర్పు. కోరికను గౌరవిస్తూనే దాని వెనుక ఉన్న అసలు లోటును వెలికితీయడం విశ్లేషకుని బాధ్యత. అందుకు రైతులతో సంభాషణ, పొలం పరిశీలన, నిపుణుల అభిప్రాయం మూడూ కలవాలి.

అవసరాలు అనేకం బయటపడినపుడు వాటిలో ముందువెనుకలు నిర్ణయించడానికి 1980లో బోరిచ్ ప్రతిపాదించిన నమూనా విస్తరణ పరిశోధనలలో బాగా వాడుకలో ఉన్నది. ప్రతి పనికీ ఎంత ప్రాముఖ్యం ఉన్నది, ప్రస్తుతం ఆ పనిలో ఎంత సామర్థ్యం ఉన్నది అని విడివిడిగా అడిగి, రెండింటి మధ్య వ్యత్యాసాన్ని ప్రాముఖ్యపు సగటుతో గుణించడం దాని సారం. ఐదు మార్కుల కొలమానంపై విత్తనశుద్ధికి ప్రాముఖ్యం 4.2, సామర్థ్యం 3.8 వచ్చాయనుకుంటే ఫలితం 1.68. కలుపు మందు ఎంపికకు ప్రాముఖ్యం 4.6, సామర్థ్యం 2.1 వచ్చాయనుకుంటే ఫలితం 11.5. రెండూ ముఖ్యమైనవే అయినా శిక్షణా సమయంలో ఎక్కువ భాగం దేనికి కేటాయించాలో ఈ చిన్న లెక్క చెబుతుంది. విత్తనశుద్ధి ముఖ్యం కనుక ప్రతి ఏటా దానిపైనే తరగతి నిర్వహించే అలవాటుకు ఇటువంటి లెక్క అడ్డుకట్ట వేస్తుంది.

విశ్లేషణ నుంచి రూపకల్పనకు

అవసరం స్పష్టమైతే కోర్సులోని మిగిలిన అంశాలు చాలావరకు వాటంతట అవే తేలుతాయి. ‘వరిలో సమగ్ర సస్యరక్షణపై అవగాహన కల్పించుట’ అన్నది లక్ష్యంగా చెలామణి అవుతున్నా, దానిని కొలిచే మార్గం లేదు. ‘శిక్షణ ముగిసేసరికి ప్రతి రైతు తన మడిలో సుడిదోమను, మిత్రపురుగులను వేరుగా గుర్తించి, దుబ్బుకు ఎన్ని ఉన్నాయో లెక్కించి, మందు అవసరమా కాదా నిర్ణయించగలగాలి’ అన్నది కొలవదగిన లక్ష్యం. లక్ష్యం ఇలా ఉన్నపుడు చోటు హాలు కాదని, పొలమని, సమయం పురుగు ఉండే కాలమని, పద్ధతి ఉపన్యాసం కాదని, చేసి చూడడమని వేరుగా చర్చించవలసిన పని ఉండదు.

ఇండోనేషియాలో వరిపై సుడిదోమ ఉధృతి నేపథ్యంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో ప్రారంభమైన రైతు క్షేత్ర పాఠశాలలు ఇందుకు చక్కని నిదర్శనం. తెలుగు నేలపై పొలంబడిగా పరిచితమైన ఈ పద్ధతిలో సుమారు 25 మంది రైతులు పంటకాలం పొడవునా వారానికి ఒకసారి పొలంలోనే కలుస్తారు. పైరును, పురుగులను, వాతావరణాన్ని గమనించి, బొమ్మలు గీసి, చర్చించి నిర్ణయం తీసుకుంటారు. రైతుకు కొరవడినది మందు పేరు కాదని, నిర్ణయం తీసుకునే సామర్థ్యమని గుర్తించడం వలననే ఈ రూపం సాధ్యమైంది. పొలంబడిని రెండు మూడు సమావేశాలకు కుదించి, హాజరు పట్టికతో ముగిస్తే పేరు మిగులుతుంది కానీ ప్రయోజనం మిగలదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇటువంటి విశ్లేషణకు సమయం, సిబ్బంది, నిధులు లేవన్నది తరచుగా వినిపించే మాట. ఈ ఇబ్బంది వాస్తవమే. ఒక విస్తరణ అధికారిపై వేల ఎకరాల బాధ్యత, పథకాల నమోదు, నివేదికల భారం ఉన్నాయి. అయితే ప్రతి కోర్సుకూ ఒక పరిశోధనా గ్రంథం అవసరం లేదు. ఒక గ్రామంలో చిన్న, సన్నకారు, కౌలు, మహిళా రైతులు కలిసేలా 12 నుంచి 15 మందితో సంభాషణ, నాలుగైదు పొలాల పరిశీలన, ఒక డీలరుతో, ఒక యంత్ర యజమానితో మాట కలిపి రెండు దినాలలో ముగించవచ్చు. అవసరం లేని ఒక శిక్షణను మానుకుంటే మిగిలే సమయం, నిధులు దీనికి సరిపోతాయి.

పైగా సమాచారమంతా కొత్తగా సేకరించవలసిన పని లేదు. 2004 జనవరిలో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్లకు రైతులు అడుగుతున్న ప్రశ్నలు ఏ మాసంలో ఏ సమస్య తలెత్తుతున్నదో చెప్పే విలువైన నిధి. 2015 నుంచి అమలులో ఉన్న భూసార ఆరోగ్య కార్డుల ఫలితాలు, ఆత్మ పథకం కింద జిల్లాలవారీగా తయారయ్యే వ్యూహాత్మక పరిశోధన, విస్తరణ ప్రణాళికలు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. వీటికి పరిమితులు ఉన్నాయి. ఫోను చేసి అడగని రైతు సమస్య కాల్ సెంటరు నమోదులో ఉండదు. కనుక ఇవి గ్రామంలో జరిగే సంభాషణకు తోడు కాగలవే తప్ప దాని స్థానాన్ని భర్తీ చేయలేవు.

లక్ష్యాలు పైనుంచి వస్తాయి, అంశాలు ముందే నిర్ణయమై ఉంటాయి, ఇక విశ్లేషణకు తావెక్కడిదన్నది మరొక ఆక్షేపణ. ఇది క్షేత్ర అధికారి పరిధికి మించిన విషయం కనుక మార్పు కూడా పైనుంచే ప్రారంభం కావాలి. శిక్షణల సంఖ్యను మాత్రమే అడిగే వ్యవస్థ సంఖ్యనే పొందుతుంది.

చేయవలసినది

మొదటిగా, ప్రతి శిక్షణా ప్రతిపాదనకూ ఒక పుట మించని అవసరాల పత్రాన్ని జతపరచడం తప్పనిసరి చేయాలి. సమస్య ఏమిటి, ఎవరిని అడిగి తెలుసుకున్నారు, అందులో శిక్షణతో తీరే భాగం ఎంత, తీరని భాగాన్ని ఏ శాఖ దృష్టికి తీసుకువెళ్ళారు అనే నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు. రెండవది, వార్షిక శిక్షణా ప్రణాళికలో కొంత భాగాన్ని ఋతువు మధ్యలో తలెత్తే అవసరాల కోసం ఖాళీగా ఉంచాలి. 2018లో కత్తెర పురుగు మొక్కజొన్నపై తొలిసారి దేశంలో కనిపించినపుడు ముందుగా రాసిన ప్రణాళికలలో దానికి చోటు ఉండే అవకాశమే లేదు. మూడవది, శిక్షణ నిధులలో విశ్లేషణకు ప్రత్యేకంగా కొంత మొత్తం కేటాయించాలి. నాలుగవది, వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు గ్రామాలలో గడిపే పని అనుభవ కాలాన్ని ఈ అవసరాల సేకరణకు వినియోగించుకోవాలి. దీని వలన విద్యార్థికి నిజమైన అభ్యాసం, కేంద్రానికి నిజమైన సమాచారం లభిస్తాయి.

శిక్షణ మూల్యాంకనం కూడా దీనితోనే ముడిపడి ఉన్నది. మొదట ఎంత లోటు ఉన్నదో కొలవనిదే, చివర ఎంత పూడిందో చెప్పడం సాధ్యం కాదు. కార్యక్రమం బాగున్నదని రైతులు రాసి ఇచ్చే అభిప్రాయాలు ఆతిథ్యాన్ని తెలుపుతాయి కానీ మార్పును తెలుపవు.

ఒక రోజు శిక్షణకు వచ్చే సన్నకారు రైతు ఆ రోజు కూలిని వదులుకుని, లేదా పైరుకు పెట్టవలసిన తడిని వాయిదా వేసుకుని వస్తాడు. ఆ రైతు ఖర్చు ఏ నివేదికలోనూ కనిపించదు. తనకు తెలిసినదే మళ్ళీ వినిపించినపుడు, తాను చేయలేనిదే మళ్ళీ చెప్పినపుడు అతడు మర్యాదగా కూర్చుని వెళతాడు, తరువాతి పిలుపుకు రాడు. అలా పోయిన నమ్మకాన్ని తిరిగి సంపాదించడానికి అనేక ఋతువులు పడుతుంది. ఆ నష్టంతో పోలిస్తే ముందుగా గ్రామానికి వెళ్ళి రెండు దినాలు వినడం చాలా చిన్న ఖర్చు.